లేని కౌన్సిల్‌కు కౌన్సిలరు

బ్రిడ్జ్‌టౌన్ నగర కౌన్సిల్‌ను రద్దు చేశాక కూడా సైబర్ట్ గ్రీనిడ్జ్ శనివారం పొద్దున్నే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వీధి గదిలో కూర్చునేవాడు. అతను కౌన్సిలరుగా ఉన్నన్నాళ్లూ పేటవాళ్లు గోడు చెప్పుకోవడానికి వచ్చింది శనివారాలే. కౌన్సిల్ పోయింది, మేయరూ పోయాడు. శనివారాలను మాత్రం ఎవరూ రద్దు చేయలేదు కదా.

సైబర్ట్ తల్లి కాలంలో పెత్తనమంతా చర్చి పారిష్ పెద్దలది. ఆస్తి ఉన్నవాడిదే ఓటు. దిక్కులేని ముసలమ్మకు పిడికెడు గింజలు కావాలన్నా వాళ్ల గుమ్మం ముందు టోపీ తీసి నిలబడాల్సిందే. తరవాత అందరికీ ఓటు వచ్చింది, కౌన్సిల్ వచ్చింది, బట్టలు కుట్టుకునే సైబర్ట్ కూడా మేయరుకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ వైభవం పట్టుమని పదేళ్లు నిలవలేదు. ఇంత చిన్న దీవికి ఇన్ని ప్రభుత్వాలెందుకని కౌన్సిల్‌ను ఎత్తేసి, నీళ్లు ఒక శాఖకు, రోడ్లు ఇంకో శాఖకు, చెత్త మరో చోటికి పంచిపెట్టారు. ఎవరిని అడగాలో తెలియని జనం అలవాటు కొద్దీ సైబర్ట్ గుమ్మమే తొక్కేవారు.

నా చేతుల్లో ఏమీ లేదని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. భార్య మెర్ల్ పోయాక ఆ ఇంట్లో వారమంతా వినిపించేది కుట్టు మిషను చప్పుడొక్కటే. శనివారం నలుగురు వచ్చి కౌన్సిలరు గారూ అని పిలిస్తే అతనికి ప్రాణం లేచివచ్చేది. దానికి ప్రజాసేవ అని పేరు పెట్టుకున్నాడు. మన అబద్ధాలకు మనం ఎంత ముద్దుపేర్లు పెట్టుకుంటామో!

సోమవారం ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగేవాడు. ఇంటివాళ్లే వచ్చి ఫిర్యాదు చేయాలని గుమస్తాలు పట్టుబట్టడంతో, పేటలోని కష్టాలన్నీ తన ఇంటివేనని చెప్పడం మొదలుపెట్టాడు. మా కుళాయి ఎండిపోయింది, మా గోడ మీదికి చెట్టు ఒరిగింది, మా చెత్త ఎత్తలేదు. ఇన్ని కష్టాలు ఒక్క కొంపకేనా, పాదిరిని పిలిచి ఇల్లు దీవించుకోరాదా అని ఒక గుమస్తా అంటే వరసంతా నవ్వింది. సైబర్ట్ కూడా నవ్వాడు. పనివాళ్లు వచ్చేవేళకు సందు మొదట్లో కాచుకుని, వాళ్లను మంచి చేసుకుని అసలు ఇంటికి తీసుకుపోయేవాడు. బండి అలా నడిచిపోయింది.

వర్షాకాలంలో చేపలమ్మే వెల్డా వచ్చింది. తన గుమ్మం ముందు మురుగుకాలువ పూడిపోయిందంది. రెండు రోజుల్లో బాగు చేయిస్తానని మాటిచ్చి, ఎప్పటిలాగే తన ఇంటి కాలువేనని ఫిర్యాదు చేశాడు. శుక్రవారం పనివాళ్లు వచ్చిన పూట అతను పెళ్లికొడుకు సూటు ఇవ్వడానికి ఊరవతలికి వెళ్లాడు. వాళ్లు సైబర్ట్ ఇంటి ముందు కాలువనే శుభ్రంగా గీకి, కడిగి వెళ్లిపోయారు. ఆ రాత్రే కుండపోతగా కురిసిన వానకు మురుగంతా వెల్డా ఇంట్లోకి చేరింది.

మర్నాడు ఆమె బురద పావడాతోనే వచ్చింది. గదిలో అప్పటికే నలుగురున్నారు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీ కాలువ అద్దంలా ఉంది, కౌన్సిలరు గారూ. మా పిల్లలు తెల్లార్లూ బల్ల మీద ముడుచుకు పడుకున్నారు."

సైబర్ట్‌కు తల కొట్టేసినట్లయింది. ఏదో సర్దిచెబుదామనుకున్నాడు గానీ ఆ పావడా వంక చూశాక మనసు మార్చుకున్నాడు.

"నేను కౌన్సిలర్ని కానమ్మా. నేనూ మీలాగే వరసలో నిలబడి, అన్నీ మా ఇంటివేనని అబద్ధాలాడి వస్తున్నా."

"కౌన్సిల్ లేదని మాకు తెలీదా ఏంటి? పేపర్లో వేశారుగా. మీకు ఆఫీసుల్లో లోపల మనుషులున్నారనుకున్నాం. ఈ ముక్క ముందే చెబితే నేనే పోయి అడుక్కునేదాన్ని కదా."

సోమవారం వెల్డా తానే వెళ్లింది. నడుం మీద చేతులు పెట్టుకుని ఎంత గొడవ చేసిందో గానీ మరుసటి వానకల్లా కాలువ బాగైంది. ఆ కబురు పేటంతా పాకింది. ఎవరి పని వాళ్లే చూసుకోసాగారు. అందరికీ మంచే జరిగింది, సైబర్ట్‌కు తప్ప. శనివారాలు గడ్డం గీసుకుని కూర్చున్నా అతని తలుపు తట్టేవాళ్లు లేరు. ఒంటరితనం ఎలా ఉంటుందో మెర్ల్ పోయినప్పుడే చూశాననుకున్నాడు గానీ, ఇది అంతకన్నా చెడ్డగా ఉంది.

ఒకనాడు చేపలు అమ్ముకుని ఖాళీ బుట్టతో పోతున్న వెల్డాను కిటికీలోంచి పిలిచాడు. కొబ్బరి రొట్టె ఉంది, లోపలికి రమ్మన్నాడు. ఏమైనా పనుందా అని ఆమె అడిగింది.

"పనేం లేదమ్మా. ఒక్కణ్ణే ఉన్నాను. కాసేపు కూర్చుంటావేమోనని."

వెల్డాకు కోపం ఎప్పుడో పోయింది. ఆగి, నిజంగానే ఆలోచించింది.

"కూర్చుని ఏం మాట్లాడుకుంటాం, సైబర్ట్ గారూ? ఇన్నేళ్లలో నా కష్టాలు తప్ప మీతో ఏం మాట్లాడాను?"

పిల్లలు ఆకలితో ఉంటారని చెప్పి, నొచ్చుకుంటూనే కదిలింది. ఆ పిల్లల పేర్లేమిటని అడగాలని సైబర్ట్‌కు తోచేసరికి ఆమె సందు మలుపు తిరిగింది.