మా ఆయనకు చీర కట్టిన రోజు

ఆ రోజు పొద్దున నేను మా ఆయనకు చీర కట్టాను.

గంగజాతర. మా తిరుపతిలో మగవాళ్ళు ఆడవేషం వేసుకుని గంగమ్మ గుడికి నడిచి వస్తామని మొక్కుకుంటారు. ఈయన కామెర్లతో మంచం పట్టినప్పుడు మొక్కింది మా అత్త నాగరత్నమ్మ. తీర్చాల్సింది ఈయన. చీర, గాజులు, పూలు, సవరం వెతికి పెట్టాల్సింది మాత్రం నేను. నా రవిక ఆయనకు పట్టకపోతే రెండు పక్కలా కుట్లు విప్పి మళ్ళీ కుట్టాను. మీసం తీసేసిన మొహాన్ని అద్దంలో చూసుకుని ఆయన తెగ మురిసిపోతున్నాడు.

"గట్టిగా బిగించు మే. నడిబజార్లో జారిపోతే ఆఫీసులో తలెత్తుకోలేను."

"నీళ్ళు తాగొద్దు," అన్నాను కుచ్చిళ్ళు దోపుతూ.

"ఎండ సూసినావా? తాగకుండా ఎట్ల పోయేది?" అని రెండు గ్లాసుల మజ్జిగ తాగాడు. మూడోది వాళ్ళమ్మ పోసింది. అదీ తాగాడు. చెప్పడం నా వంతు, వినకపోవడం ఆయన వంతు. పెళ్ళయిన పదకొండేళ్ళుగా మా ఇంట్లో పని పంపకం ఇదే.

ఆయన పేరు దేవరాజులు. మున్సిపాలిటీలో, ఊళ్ళో వీధులు, కాలవలు, కూడళ్ళు కాగితం మీద గీసే ఉద్యోగం. ఆయన పెన్సిలుతో గీసినదాని మీద పల్చటి గుడ్డ పరిచి ఇంకుతో ఎత్తి రాయాలి. అదే అచ్చుకు పోతుంది. ఇంకు పెన్ను పట్టుకుంటే ఆయన చెయ్యి వణుకుతుంది. నాది వణకదు. "ముగ్గులేసే చెయ్యి కదా, గీత కదల్దు," అని ఒకసారి మెచ్చుకుని, ఆ పని శాశ్వతంగా నా నెత్తిన పెట్టేశాడు. మధ్యాహ్నం అంట్లు తోమి, చెయ్యి తుడుచుకుని, వంటింట్లో పటాలు గీసే చెక్క పలక వేసుకుని సగం ఊరు గీశాను నేను. పటం కింద మూలన గీసినవాళ్ళ సంతకానికి చిన్న గడి ఉంటుంది. అందులో ఆయన సంతకం. ఎనిమిదో తరగతితో బడి మానేసినదాని సంతకం ఎవడికి కావాలి?

ఆ వేసవిలో జట్కాల కూడలిని బాగు చెయ్యాలని ఆఫీసులో తీర్మానం చేశారు. మా ఇంటికీ ఆయన ఆఫీసుకీ మధ్యలో ఉంటుంది ఆ కూడలి. చల్లారిన అన్నం ఆయనకు దిగదు కాబట్టి రోజూ పన్నెండున్నరకు క్యారియరు పట్టుకుని నేను దాన్ని దాటాలి. ఒక పక్క లారీలు, ఒక పక్క జట్కాలు, చుట్టూ మూతల్లేని కాలవ. కాలవకూ లారీ చక్రానికీ మధ్య జానెడు చోటు. అది ఆడవాళ్ళ దారి. ఇంకో పక్క పొడుగాటి గోడ. అది మగవాళ్ళ దొడ్డి, వరసగా అటు తిరిగి నిలబడి ఉంటారు. వాళ్ళను చూడకుండా, కాలవలో పడకుండా, క్యారియరు ఒలకకుండా నడవడం ఒక విద్య. దానికి ఏ బళ్ళోనూ సర్టిఫికెట్టు ఇవ్వరు.

ఆయన తెచ్చిన పటంలో నడుమ నాలుగు సింహాల ఫౌంటెన్ ఉంది. చుట్టూ ఇప్పటికి రెండింతల వెడల్పు రోడ్డు. లారీలకు చోటు, జట్కాలకు చోటు, చైర్మన్ గారి కారుకు నీడతో సహా చోటు.

"మనుషులు యాడ నడవాల?" అన్నాను.

"పక్కన కావలసినంత సోటుండాది గదా. నడిచేవాళ్ళకు గూడా ప్లానేంది మే?"

బండ్లను కూడలి బయటే ఆపండి, నడుమంతా నడకకు వదలండి, బరువు దించుకుని కూర్చోను బెంచీలు వెయ్యండి, ఆడవాళ్ళకు నీళ్ళున్న ఒక దొడ్డి కట్టండి అన్నాను. ఆయన నవ్వుకుంటూ పోయి వాళ్ళమ్మకు చెప్పాడు. ఆవిడ వంటింటి గడపలో నిలబడి, "దోవన పొయ్యే ఆడదానికి బెంచీ గావాలంటనా? ఇంట్లో పీట లేదా నీకు?" అంది. నేను పోయి ఫౌంటెన్ సింహాలకు ఇంకు పెట్టాను. రెండు సింహాలు అయ్యాయి. శుక్రవారానికి పటం ఇంజినీరు బల్ల మీద ఉండాలి. ఇంజినీరు సంతకం పడి అచ్చయిందంటే ఇంక ముప్పై ఏళ్ళు ఆ కూడలిని ఎవడూ కదిలించడు. నేను ముసలిదాన్నయ్యేదాకా ఆ జానెడు చోటే నాకు రాసి పెట్టినట్టు. రాసేది కూడా నా చేత్తోనే.

అలా రెండు సింహాలు ఆరుతుండగా బుధవారం జాతర వచ్చింది. మేమిద్దరం బయలుదేరాం, ఆయన నా పచ్చ చీరలో, నేను వెనకాల.

కూడలి చేరేసరికి ఆయన ఆయాసపడుతున్నాడు. చీరలో అడుగు చిన్నదవుతుంది, ఆ సంగతి ఆయనకు కొత్త. జాతర రోజయినా లారీలు ఆగలేదు. హారన్ కొడితే అదిరి కాలవ అంచున కాలు పెట్టాడు. కుచ్చిళ్ళు మడ్డిలో మునిగాయి. కాలవ గట్టున పూలమ్మే సుబ్బులమ్మ పగలబడి నవ్వింది.

"ఏం జ్ఞానమ్మా, మీ అక్కనా? బలే ఎత్తుగా ఉండాదే! రా అక్కా, మూర మల్లెపూలు పెట్టుకో, బోణీ సెయ్యి!"

ఆయన నవ్వబోయాడు. అంతలో గుంపులోంచి ఒక చెయ్యి వచ్చి నడుము మీద గిల్లింది. "ఎవుర్రా అది!" అని మగ గొంతుతో అరిచి చెయ్యి పట్టుకున్నాడు. తువ్వాలు మెళ్ళో వేసుకున్న నడివయసు మనిషి. మొహం పాలిపోయింది వాడికి.

"తప్పయిపోయిందప్పా! మగోడివని తెల్దు. నిజంగా ఆడమనిషే అనుకున్నా."

దండం పెట్టి మరీ పోయాడు. ఈ కూడలిలో పదకొండేళ్ళలో నన్ను గిల్లినవాళ్ళకు లెక్కలేదు. తప్పయిపోయిందన్నవాడు ఒక్కడూ లేడు. ఆ మాట చెప్పించుకోవాలంటే కూడా మగాడై ఉండాలి. ఆయన నా మొహంలోకి చూశాడు. నేను పక్కకి తిప్పుకోలేదు.

పది అడుగులు వేశాడో లేదో ఆగిపోయాడు.

"మే... ఒంటికి పోవాల."

"పో."

"యాడికి?"

గోడ వైపు చూశాడు. రోజూ ఆయన నిలబడే గోడే. చీరతో, తల్లో పూలతో, గంగమ్మ మొక్కులో ఉన్న మనిషి అక్కడ నిలబడితే జనం ఊరుకుంటారా? చెమటకు బొట్టు కారిపోతోంది ఆయనకు.

"మీరంతా యాడికి పోతారు?"

"పోము."

"పోమంటే?"

"ఇల్లు చేరేదాకా పోము. అందుకే తాగము."

సుబ్బులమ్మ నవ్వడం మానేసింది. "నేను తెల్లారి వస్తానప్పా, పొద్దు గూకినాక పోతా. లోటా నీళ్ళు ముట్టుకుంటే ఒట్టు. మంట పుట్టి రెండుసార్లు పెద్దాసుపత్రిలో పండుకున్యా. డాక్టరు నీళ్ళు బాగా తాగమన్నాడు. తాగి యాడ కూసోవాల్నో ఆయప్ప సెప్పలా," అంది.

మొక్కు సంగతి అటుంచి వెనక్కి తిరిగాం. చీర ఎత్తి పట్టుకుని ఆయన ఇంటి దాకా పరుగెత్తిన పరుగు నేను జన్మలో మర్చిపోను. జాలి కలిగిందా అంటే, అబద్ధం చెప్పను, కొంచెమే కలిగింది. దొడ్లోంచి వచ్చాక మళ్ళీ కుచ్చిళ్ళు సర్ది కట్టాను. అత్త మజ్జిగ గ్లాసు అందించింది. ఆయన వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.

గుడికి పోయి వచ్చి, చీర విప్పి, మొహం కడుక్కుని, ఆయన తనంతట తానే పలక ముందు కూర్చున్నాడు. రెండు సింహాల పటం తీసేసి కొత్త కాగితం పరిచి పెన్సిలు పట్టాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను. చాలాసేపటికి ఒక దొడ్డి గీశాడు. యాడ? జట్కాల వెనక, గోడ చివర, ఏ దీపమూ తగలని మూలలో, తలుపు గోడ వైపు పెట్టి.

"మర్యాదగా ఉంటాది గదా, ఎవురికీ కనబడకుండా," అన్నాడు.

ఒక్క పూట చీర కట్టినవాడికి అంతే తెలుస్తుంది. ఆ మూలకు పగలే ఏ ఆడదీ పోదు. నాకు కోపం రాలేదు. ఆశ్చర్యంగా, గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టయింది. ఇన్నేళ్ళూ ఈయనకు అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకావడం లేదనుకున్నాను. చెప్పడం నా పని కాదు. గీయడం నా పని.

"లేచి పక్కన కూసో," అన్నాను.

లేచాడు. దొడ్డిని తెచ్చి సుబ్బులమ్మ పూలబుట్ట పక్కన, నలుగురూ తిరిగే చోట, తలుపు వెలుతురులోకి పెట్టాను. బండ్లను నాలుగు దిక్కులా బయట ఆపాను. కాలవకు మూతలేశాను. ఎనిమిది బెంచీలు గీశాను. గురువారం ఇంకు పెట్టాను. మూల గడి దగ్గరికి వచ్చి ఆగకుండా నా పేరు, జ్ఞానాంబ అని రాశాను.

"ఆఫీసులో నవ్వుతారే!"

"నవ్వనీ. వేషం వేసినందుకు నవ్వలేదా?"

నవ్వారు. ఇంజినీరు రెండుసార్లు వెనక్కి పంపాడు. సుబ్బులమ్మ ముప్పై మంది ఆడవాళ్ళను వెంటబెట్టుకొచ్చి ఆఫీసు మెట్ల మీద బుట్టలతో సహా కూర్చుంది, రెండు రోజులు. ఫౌంటెన్ లేకపోతే ఎట్లా అని చైర్మన్ గారు పట్టుబడితే ఒక సింహం ఇచ్చాం. బెంచీలు ఎనిమిది అడిగితే అయిదు వేశారు. దొడ్డి మాత్రం నేను గీసిన చోటే కట్టారు, కొళాయితో.

ఏడాదిన్నర పట్టింది. మొదటి బెంచీ మీద మొదట కూర్చున్నది మా అత్త. "పీట కంటే ఎత్తుగా ఉండాది, మోకాళ్ళకు సుకం," అంది, నా వైపు చూడకుండా.

ఆ రోజు మధ్యాహ్నం క్యారియరు సర్దాను. కుండ దగ్గరికి పోయి చెంబు ముంచాను. గటగటా చెంబెడు నీళ్ళూ తాగి, మూతి తుడుచుకుని, బయలుదేరాను.