సుక్కి తోలు బంతి

సాయంత్రం మిల్లు కూత వినబడగానే తిమ్మక్క ఒంటికి పట్టిన దూది పీచు దులుపుకొని, కొంగు నడుముకు చెక్కుకొని, గేటు దాటి నేరుగా మైదానానికి పోయేది. ఆదోనిలో ఒక సేటు జిన్నింగు మిల్లులో పత్తి ఏరే ఆడవాళ్ళు చాలామందే ఉండేవాళ్ళు. వాళ్ళంతా ఇంటికి పోయి పొయ్యి రాజేసే వేళకు ఫుట్‌బాల్ చూడటానికి పోయేది మాత్రం ఆమె ఒక్కతే. మిల్లు జట్టుకు గోలు కాసేవాడు ఆమె తమ్ముడు వీరన్న. వాడి వెనకాల, గోలు గుంజకు బారెడు దూరంలో ఆమె చోటు. ఆడదానికి అక్కడేం పని అని ఎవరూ అనలేదు. అంటే ఆమె నోరు వినాలి.

అక్కా తమ్ముడూ హొళగుంద దగ్గర మెట్ట ఊరివాళ్ళు. వానలు వరసగా ఎగ్గొట్టిన కాలం అది. ఊళ్ళో సర్కారు గంజి పోస్తుంటే చిప్ప పట్టుకొని నిలబడటం తిమ్మక్కకు చేతకాలేదు. మొగుడు అంతకుముందే పోయినాడు. తమ్ముణ్ణీ, సుక్కి అనే పాడి ఎనుమునూ వెంటబెట్టుకొని ఆదోని చేరింది. మిల్లు వెనక పత్తి గింజలు గుట్టలు గుట్టలుగా పోసి ఉండేవి. పాడి పశువుకు అంతకు మించిన మేత లేదు. ఆ గుట్టల వాసన పీలుస్తూ, దీపావళికి ముందు సుక్కి ఆకలితో చచ్చిపోయింది. ఆకలి ఎప్పుడూ తిండికి దూరంగా ఉండదు. పక్కనే ఉంటుంది. మధ్యలో ఒక కాపలావాడు ఉంటాడు, అంతే.

చచ్చిన ఎనుమును ప్రభుదాసు ఎత్తించుకొని పోయినాడు. తోలుపని చేసే మనిషి, ఆదివారం చర్చిలో డప్పు కూడా వాయిస్తాడు. తోలు అతనికి, బదులుగా పశువు గలవాళ్ళకు ఒక జత చెప్పులు. అది ఆ పక్క పద్ధతి. తిమ్మక్క చెప్పులు వద్దంది. సుక్కిని కాళ్ళకింద వేసుకొని తిరగలేనంది. అదే వారం మిల్లు జట్టు బంతికి పైతోలు చిరిగింది. సేటు కొత్తది కొంటాడా? లోపలి రబ్బరు తిత్తి అట్లాగే ఉంచి, సుక్కి తోలు కోసి ప్రభుదాసు పైన కుట్టినాడు. తమ్ముడు ఆడే బంతి అదేనని తెలిసి తిమ్మక్క మురిసిపోయింది. తొక్కడానికి మనసొప్పని మనిషి తన్నించడానికి ఒప్పుకుంది. అభిమానానికి కళ్ళు అంతమాత్రమే.

చలికాలంలో పత్తి బండ్లు బారులు తీరి వస్తున్నన్నాళ్ళూ మిల్లు జట్టును ఓడించినవాడు లేడు. పొద్దు త్వరగా గూకుతుందని, ఆట ఉన్న రోజు మిల్లు కూత ముందే కూయించి, మూడు దాటగానే ఆట మొదలుపెట్టి, ఎండ ఉండగానే ముగించేవాళ్ళు. సేటు ఉబ్బిపోయి మాట ఇచ్చినాడు. ఉగాది కప్పు గెలిస్తే ఆటగాళ్ళకు మిల్లులో పర్మనెంటు పని. గెలవకుంటే పత్తి కాలం ముగియగానే మిగతా కూలీలతో పాటు ఇంటికి. ఇల్లంటే ఆ ఎండిన ఊరే, ఆ గంజే.

శివరాత్రి దాటి ఎండలు ముదిరినాక ఆటను ఐదు గంటలకు జరిపినారు. దరిద్రం అక్కడినుంచి మొదలైంది. మొదటి సగం బాగానే ఆడేవాళ్ళు. రెండో సగంలో పొద్దు కొండమీదికి వాలి, పాలు పితికే వేళ కాగానే బంతి తల తిప్పేది. ఎవరు ఎటు తన్నినా సరే, కాసేపు నిలబడి, పొదుగు బరువుతో నడిచే ఎనుము మాదిరి నింపాదిగా వీరన్న వైపుకు బయలుదేరేది. చూసేవాళ్ళు ఎవరూ నోరు వెళ్ళబెట్టలేదు. ఎనుము తోలు, వేళయితే ఇంటిదారి పట్టదా? గోలుకు ముందు కాసే మిల్లు బ్యాకులిద్దరూ పల్లెల్లో పుట్టినవాళ్ళు. ఇంటికొచ్చే పాడి ఎనుము ఎదురుపడితే దారి ఇవ్వడం వాళ్ళకు నడక నేర్చిననాటి అలవాటు. దారి ఇచ్చేవాళ్ళు. బంతి గుంజల నడుమ దూరి, వీరన్నను దాటి, తిమ్మక్క కాళ్ళ దగ్గరికి పోయి ఆగేది. గోలు వెనక నిలబడినాక బంతి తన దగ్గరికి రాక ఎక్కడికి పోతుందిలే అనుకునేది తిమ్మక్క. కాలితో దాన్ని వెనక్కి తోసి నోరు తెరిచేది.

"ఒరేయ్ వీరన్నా, సంగటి ముద్దకయితే రెండు సేతులూ సాపుతావే, బంతికి ఒక్కటన్నా రాదా నీకు?"

జనం విరగబడి నవ్వేవాళ్ళు. కుర్చీలో కూర్చున్న సేటు కూడా నవ్వేవాడు. రెఫరీ కళ్ళనూ, బ్యాకుల తల్లులనూ, గాలినీ, నేలనూ ఆమె వదిలిపెట్టలేదు. గుంజలకు నిమ్మకాయలు కట్టింది. ఉరుకుంద ఈరన్నకు ముడుపు కట్టింది. ఆట తరవాత ఆట పోతూనే ఉంది. ఓడిన రోజు తమ్ముడికి సంగటి పెట్టి, తాను మంచినీళ్ళు తాగి గోడవైపు తిరిగి పడుకునేది.

చలికాలంలో కూడబెట్టుకున్న గెలుపులన్నీ కరిగిపోయి, ఎమ్మిగనూరు మగ్గాలవాళ్ళ జట్టుతో చివరి ఆట ఒక్కటి మిగిలింది. గెలిస్తే కప్పు. ఆ రోజు పొద్దున మొగం కడుక్కుంటూ వీరన్న, నేల చూపులు చూస్తూ, ఈపొద్దు ఆటకు రావద్దన్నాడు.

"ఏం, నా మొగం సూస్తే బంతి కనపడదా నీకు?"

"అది నీ కోసరం వస్తాండాదక్కా. సుక్కి కదా. వచ్చి నా కడుపులో తల పెట్టి తోస్తాది, దొడ్లోకి వచ్చేటప్పుడు తోసినట్టే. నేను జరుగుతాండాను. ఇంటికొచ్చేదాన్ని ఎట్ల అడ్డగించేది?"

తిమ్మక్క చేతిలోని చెంబు కింద పెట్టింది. ఊరందరికీ తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు.

"మరి ఒక్కరన్నా సెప్పలేదే నాకు."

"ఎవురు సెప్తారక్కా నీకు? రెఫరీకే బయం నువ్వంటే."

ఆమె ఏడవలేదు. గడపమీద కూర్చొని, నేను ఇంట్లో ఉంటే అది వీధులన్నీ వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుంది, ఆట చెడుతుంది అన్నది. వస్తాననీ, రెండో సగంలో అవతలి గోలు వెనక నిలబడతాననీ చెప్పింది. వీరన్న నవ్వినాడు. శివరాత్రి తరవాత వాడు నవ్వడం అదే మొదలు.

మొదటి సగంలో ఎవరికీ గోలు పడలేదు. జట్లు దిక్కులు మార్చుకున్నాక తిమ్మక్క ఎమ్మిగనూరు జనం నడుమకు పోయి, వాళ్ళ గోలు వెనక నిలబడింది. మగ్గాలవాళ్ళు ఆమెను ఎగాదిగా చూసి జరిగి చోటిచ్చినారు. పొద్దు కొండను తాకింది. బంతి ఆగింది, తల తిప్పింది.

"సుక్కీ, బా... బా..." అని ఆమె గొంతులోనే పిలిచింది.

మగ్గాలవాళ్ళ బ్యాకులకు పశువుల అలవాటు లేదు. అడ్డం పడినారు, తన్నినారు, మీద పడినారు. బంతి వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి తోసుకొని వచ్చి, గోలు దాటి, ఆమె పాదాల దగ్గర నిలబడింది. వెచ్చగా ఉంది. నడిమికి తీసుకుపోయి పెట్టినారు. మళ్ళీ వచ్చింది. ఎమ్మిగనూరు వాళ్ళు పేచీ పెట్టలేదు. ఇంటికి పోయే పశువుతో పేచీ ఏమిటి? అవతలి కొసన వీరన్న ఒంటరిగా, చేతులు వేలాడేసుకొని నిలబడి ఉన్నాడు. వాడి వైపుకు ఎవరూ రావడం లేదు. అంత దూరంనుంచి తమ్ముణ్ణి తిమ్మక్క ఎప్పుడూ చూడలేదు. ఇంత చిక్కిపోయినాడా అనుకుంది.

కప్పు వచ్చింది. మరునాడు సేటు మిల్లు ఆవరణలో ఆటగాళ్ళను నిలబెట్టి పర్మనెంటు అయినవాళ్ళ పేర్లు పిలిచినాడు. వీరన్న పేరు రాలేదు. తిమ్మక్క ముందుకు పోయి అడిగింది.

"నిన్న మీ తమ్ముడు ఏం జేసినాడు?" అన్నాడు సేటు. "ఒక్కసారన్నా బంతిని ముట్టినాడా? గుంజలు రెండు ఉండనే ఉండాయి. మూడో గుంజకు కూలి ఎందుకు ఇయ్యల్ల?"

నిన్న ఒక్కరోజు చూసి అంటావేమి సేటూ, మొన్నటిదాకా వాడే కదా నిలబడింది అని ఆమె అన్నది.

"మొన్నటిదాకా వానికి సేతులు లేవని ఊరంతా వినేటట్టు నువ్వే కదా సెప్పినావు. నేను అనలేదే."

తరవాత గొంతు తగ్గించి, పర్మనెంటులో ఆమె పేరు రాయిస్తున్నానన్నాడు. పత్తి ఏరినా ఏరకపోయినా పర్వాలేదు. ఆట ఉన్న రోజు తాను చూపించిన గోలు వెనక నిలబడితే చాలు. సేటుకు వ్యాపారం తెలుసు.

ఆదోనిలో అందరి నోళ్ళూ మూయించిన తిమ్మక్క ఆ రోజు మైదానం వైపు చూడకుండా, గేటు దాటి నేరుగా ఇంటికి పోయింది.

వీరన్న ఆ వారంలోనే కౌతాళం పక్క కాలువ తవ్వకానికి పోయినాడు. ఆమె మూట కట్టుకొని వెంట బయలుదేరితే ఆపినాడు.

"నువ్వన్నా కడుపునిండా తినక్కా. ఇద్దరం కలిసి ఎండి ఏం సాదించల్ల?" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆమె తిరిగి నాలుగు తిట్టి, వెంటపడి పోయి ఉండేది.

మొదట్లో అటునుంచి వచ్చే బండ్లవాళ్ళతో కబురు పంపేవాడు. వానలు పడినాక అక్కడ జ్వరాలన్నారు. తరవాత కబుర్లు లేవు. ఆమె ఒకసారి పోయి వెతికింది. తట్టలు మోసేవాళ్ళు ఆ పేరుగలవాడు వేరే గుంపుతో ముందుకు పోయినాడన్నారు. ముందుకంటే ఎక్కడికో ఎవరికీ తెలియదు.

మళ్ళీ చలికాలం వచ్చింది, ఎండాకాలం వచ్చింది. మిల్లు జట్టు ఒక్క ఆట ఓడలేదు. సేటు చూపించిన గోలు వెనక తిమ్మక్క నిలబడేది, మైదానానికి వీపు పెట్టి. ఎవరు గెలుస్తున్నారో చూసేది కాదు, అడిగేది కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెను మూగదనుకునేవాళ్ళు. పాలు పితికే వేళకు బంతి వచ్చి మడమకు ఆనుకునేది. జనం కేకలు పెట్టేవాళ్ళు. ఆమె వంగి, చేత్తో దాన్ని ఒకసారి నిమిరి, తల తిప్పకుండానే వెనక్కి తోసేది. రోడ్డుమీద కౌతాళం బస్సు వచ్చి ఆగేది. చివరి మనిషి దిగేదాకా చూసేది.