మూడు రోజులు వదిలేస్తే

“ఆదివారం కూడా వాటికి మేత వేయాలా?” అన్నాడు భర్త, ఆమె చెప్పులు వేసుకుంటుంటే.

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడం ఆమె ఎప్పుడో మానేసింది. రెండు రోజులకోసారి పోషక ద్రవం మార్చకపోతే ల్యాబులో కణాలు చచ్చిపోతాయి. వాటికి ఆదివారమని తెలియదు. ఆ మాటకొస్తే ఈ ఇంట్లో ఆకళ్ళకీ తెలియదు. “మన కడుపులు గాలికొదిలేసి గాజు గిన్నెల్లో పేగులు పెంచుతోంది” అని అత్తగారు చుట్టాలందరికీ చెప్పి నవ్వుతుంది. వెటకారమే అయినా ఆవిడన్నది అక్షరాలా నిజం. రోగి పేగులోంచి తీసిన చిన్న ముక్కని మెత్తటి జెల్ చుక్కల్లో పెట్టి, ఆవగింజ కన్నా చిన్నవైన బోలు గుండ్రాలుగా పెంచడమే ఆమె పని. గిన్నె అడుగున పరుచుకున్న కణాలకి రాని పేగు లక్షణాలు ఈ గుండ్రాలకి వస్తాయి. విరేచనాలు తెచ్చే బాక్టీరియా పేగులోకి ఎలా చొరబడుతుందో వాటిలో చూడాలి.

ఆరు నెలలైనా బాక్టీరియా చొరబడలేదు. దాన్ని పోసేది సహ పరిశోధకుడు, తప్పు మాత్రం ఆమెదైంది. “కణాలు సరిగ్గానే పెంచుతున్నావా అమ్మా?” అని ప్రొఫెసర్ నలుగురిలో అడిగాడు. ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా “ఏం వండావు?” అని ఆమెనే నిలదీస్తారు. ఇక్కడా అదే వరస. ఆ రోజు ఆమెకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, గుండ్రాలను పాత జెల్‌లోంచి కడిగి తీసి కొత్త జెల్‌లో పెట్టబోతుంటే భర్త ఫోన్ చేశాడు.

“అమ్మకి కళ్ళు తిరుగుతున్నాయి. వెంటనే రా.”

గుండ్రాలను ద్రవంలో తేలుతున్నట్టే వదిలేసి, ఇంక్యుబేటర్‌లోకి తోసి పరుగెత్తింది. తీరా చూస్తే అత్తగారు పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. వండినవన్నీ మూతలు కూడా తీయకుండా ఉన్నాయి. “అమ్మకి పెట్టమని నువ్వు చెప్పలేదుగా” అన్నాడు భర్త. ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఆవిడ నీరసం తగ్గేదాకా ఇంట్లో ఉండమని మూడు రోజులు సెలవు కూడా పెట్టించారు.

నాలుగో రోజు వెళ్ళి ఇంక్యుబేటర్ తెరిచింది. చచ్చిపోయాయనుకున్న గుండ్రాలు బతికే ఉన్నాయి. రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూస్తే, తిండిని తాకే లోపలి పొర బయటికి వచ్చేసింది, దిండు గలేబు తిరగేసినట్టు. అప్పుడు తట్టింది. మనిషిలో ఈ బాక్టీరియా పేగు లోపలి వైపు నుంచి దాడి చేస్తుంది. ఆరు నెలలుగా వీళ్ళు మూసుకున్న గుండ్రాల చుట్టూ, వెలుపలి గోడ మీద పోస్తున్నారు. ఆ రోజే తిరగబడ్డ గుండ్రాల మీద ఆమె స్వయంగా బాక్టీరియా వేసింది. సాయంత్రానికల్లా అతుక్కుని లోపలికి దిగింది. నమ్మకం కుదిరేదాకా, గుండ్రాలను అలాగే జెల్ లేకుండా వదిలి, పదకొండు సార్లు చేసింది. పదకొండు సార్లూ అదే ఫలితం.

ఇవాళ ల్యాబుకి వెళ్ళేసరికి ప్రొఫెసర్ ఆమె నోట్‌బుక్ తిరగేస్తూ కూర్చున్నాడు.

“అదృష్టం కలిసొచ్చిందమ్మా. నీ చెయ్యి మంచిది. వచ్చేవారం సదస్సులో బాక్టీరియా చూసే అతను చెబుతాడులే. మూడు రోజుల ప్రయాణం, ఇల్లు వదిలి నువ్వెక్కడ వెళ్తావు!”

చెయ్యి మంచిదట. బుర్ర సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. వంటింట్లో ఇరవై ఏళ్ళుగా వింటున్న మెప్పే అది.

“అవి ఎలా తిరగబడ్డాయని ఎవరైనా అడిగితే ఏం చెబుతాడు సార్?”

“నువ్వు రాసిస్తావుగా.”

“రాసివ్వను సార్. వెళ్ళి నేనే చెబుతాను. పేపర్లో మొదటి పేరు కూడా నాదే ఉండాలి.”

తడబడకుండా అనేసింది. ఆమెకే ముచ్చటేసింది. ప్రొఫెసర్ మళ్ళీ నోట్‌బుక్‌లోకి చూశాడు. పదకొండు తేదీలు, పదకొండు చోట్లా ఆమె దస్తూరి. దాన్ని మూసి “సరే, నీ పేరే పంపిస్తాను” అన్నాడు, అయిష్టంగానే.

ఇంటికొచ్చి అటక మీంచి సూట్‌కేసు దించి దుమ్ము దులిపింది.

“మూడు రోజులా! మరి మా సంగతేంటి?” అన్నాడు భర్త. పక్కగదిలో అత్తగారు టీవీ గొంతు తగ్గించింది.

ఆమె తీరిగ్గా సూట్‌కేసు తెరిచింది. “నేను జెల్‌లో పెట్టి కదలకుండా చూసుకున్నన్నాళ్ళూ ఆ గుండ్రాలు ముడుచుకునే ఉన్నాయండీ. మూడు రోజులు వదిలేస్తేనే వాటి లోపలిది బయటికొచ్చింది. మిమ్మల్నీ వదిలి చూస్తాను.”