కృప పరుగూ, స్త్రీల సమాజమూ

"ఆదివారం పూట కుక్క కరిస్తే సూది ఎవరు వేస్తారు?" అంది ఆలిస్.

కరిచిన కుక్క ఏదీ లేదు. అసలు ఆదివారమే ఇంకా రాలేదు. శనివారం మధ్యాహ్నం, మల్కాజ్‌గిరిలోని ఇంట్లో ముగ్గురూ అన్నాలు తింటున్నారు. కూతురు దేవకృప మూడోసారి అన్నం పెట్టించుకుంటోంది. భర్త లూకా చేప ముళ్లు ఏరుకుంటూ, ఆ ప్రశ్న తనది కానట్టు కంచంలోకి చూస్తున్నాడు.

ఆలిస్ భయాలు అలాగే ఉండేవి. కృప ఎక్కిన బస్సు పది నిమిషాలు ఆలస్యమైందంటే చాలు, ఆవిడ మనసులో అప్పటికే భూస్థాపన కూడిక అయిపోయి, వచ్చినవాళ్లకు టీలు కూడా పోసేసేది. ఆ తర్వాత కృప గేటు తీసుకుని లోపలికొస్తే, అంత ఏడుపూ వృథా అయిందన్న కోపంతో నాలుగు తిట్టేది.

అలాంటి ఆలిస్ కడుపున పుట్టి, ప్యారడైజ్ దగ్గర ఇన్సూరెన్స్ ఆఫీసులో బుద్ధిగా ఉద్యోగం చేసుకునే పిల్ల, ఎండాకాలంలో ఉన్నట్టుండి పరుగు మొదలుపెట్టింది. ఆఫీసులో ఎవరో నేర్పారు. ఊళ్లో మారథాన్ జరుగుతుందట, అందులో పరిగెత్తాలట. ఆ ఏడాది బంద్ వచ్చినప్పుడల్లా జనం తలుపులేసుకుని కూర్చుంటే, రోడ్లు ఖాళీగా ఉన్నాయని కృప మాత్రం బూట్లు కట్టుకునేది.

మొదటిసారి దూరం పరిగెత్తిన రోజున ఆలిస్ ఆటో మాట్లాడి, గొడుగూ టార్చిలైటూ ఇచ్చి లూకాని వెనకాల పంపింది. అంత ఖాళీ పెట్టుకుని ఆ పిల్లను ఎందుకు ఎక్కించుకోరని ఆటో అతను దారి పొడుగునా లూకాని నిలదీశాడు. రెండోసారి తనే సిటీ బస్సెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి, నీళ్లు తాగావా అని ప్రతి స్టాపు దగ్గరా కేకేసింది. మూడోసారి ఇంట్లోనే ఉండి ఫోన్లు చేసింది. అన్ని ఫోన్లు చూసి ఇంట్లో ఏదో జరిగిందనుకుని కృప సగం దారిలో వెనక్కొచ్చేస్తే, అప్పుడే వచ్చావేంటని అడిగింది.

ఇక మిగిలింది ఒకే ఒక్క పెద్ద పరుగు. మారథాన్ మూడు వారాల్లో ఉంది. రేపు ముప్ఫై రెండు కిలోమీటర్లు తన కాళ్ల మీదే పూర్తి చేస్తేనే రేసుకు వెళ్తానని, లేకపోతే మానేస్తానని కృప తనకు తానే షరతు పెట్టుకుంది.

చెయ్యి కడుక్కుని వచ్చి తల్లి ఎదురుగా కూర్చుంది.

"మమ్మీ, జెర నా మాట విను. రేపు నువ్వు వెనకాల వచ్చినా, ఎవర్నన్నా పంపినా, ఒక్క ఫోన్ చేసినా, ఇగ నీకు ఏదీ చెప్ప. హాస్టల్లో రూం తీసుకుంటా. నేను ఏడికి పోతున్న, ఎప్పుడొస్తున్న, నా తక్లీఫ్ ఏంది, నీకు తెల్వనే తెల్వదు."

కుక్కలు, లారీలు, వడదెబ్బ, గుండెపోటు, ఇవన్నీ ఆలిస్‌కి అలవాటైన చుట్టాలు. కూతురి సంగతి ఏమీ తెలియకుండా బతకడమన్నది మాత్రం ఇన్నేళ్ల భయాల్లో ఒక్కసారి కూడా తట్టలేదు. మనం ఒట్లు పెట్టకూడదు కదా అని తప్పించుకోబోయింది. ఒట్టు అక్కర్లేదు, అవును అను చాలన్నాడు లూకా. ఆముదం మింగినట్టు మొహం పెట్టి అవునంది.

ఆ సాయంత్రం మేబెల్ ఇంట్లో స్త్రీల సమాజం కూడిక. మేబెల్ దానికి సెక్రటరీ, గొంతు పెద్దది, ఆలిస్ అంటే ప్రాణం. కూడిక అయ్యాక ఎవరికైనా ప్రార్థన అవసరతలు ఉంటే చెప్పమంది. ఒకావిడ మోకాళ్ల నొప్పి చెప్పింది. ఇంకొకావిడ అల్లుడి బదిలీ చెప్పింది. ఆలిస్ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. తను వెళ్లకూడదు, మనిషిని పంపకూడదు, ఫోను చేయకూడదు. దేవుణ్ణి పంపకూడదని మాత్రం కృప అనలేదు.

లేచి నిలబడింది. మారథాన్ అంటే మోకాళ్ల దాకా వేసుకునే ఆ నిక్కరు సంగతి వస్తుందని ఆ మాట దాటేసింది.

"రేపు తెల్లవారుజామునే మా అమ్మాయి ఒంటరిగా, కాలినడకన సైనిక్‌పురి దాకా వెళ్లాలి. నేను వెంట వెళ్లకూడదు. ఫోను కూడా చేయకూడదు. ఎందుకని మాత్రం అడగకండి," అంది. అని ఊరుకుందా, ఏడ్చింది.

అడగొద్దంది కాబట్టి ఎవరూ అడగలేదు. ఎవరికి తోచింది వాళ్లు అనుకున్నారు. మేబెల్ గొలుసు ప్రార్థన మొదలుపెట్టింది. అంటే ఒకరు ఇంకొకరికి ఫోన్ చేసి చెప్పడం, వాళ్లు ప్రార్థన చేసి మరొకరికి చెప్పడం. గొలుసు సఫిల్‌గూడ చేరేసరికి లూకా కూతుర్ని ఇంట్లోంచి పొమ్మన్నాడు. నేరేడ్‌మెట్ చేరేసరికి సైనిక్‌పురిలో ఒక మిలిటరీ కుర్రాడు తయారయ్యాడు. సంఘ పెద్ద జకర్యా చెవిన పడేసరికి పాపం ఆ పిల్లకు బస్సెక్కే దారి కూడా లేకుండా పోయింది.

చీకటితోనే కృప వెళ్లిపోయింది. ఆలిస్ కర్టెన్ వెనక నిలబడి చూసింది. తర్వాత తన చెయ్యి తన మాట వినదని తెలుసు కనుక, ఫోన్ తీసుకెళ్లి బియ్యం డబ్బాలో లోతుగా గుచ్చి మూతపెట్టింది.

కాసేపటికి బియ్యం మోగాయి.

మేబెల్, సఫిల్‌గూడ రైల్వే గేటు దగ్గర్నుంచి. పిల్ల ఇప్పుడే గేటు దాటిందట. నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన చేద్దామని నలుగురు ఆడవాళ్లూ ఎదురెళ్తే ఆగలేదట. అందుకని మేబెలే కొంత దూరం వెంట పరిగెత్తి ప్రార్థన ముగించి, ఆమేన్ దగ్గర చేతిలో ఒక ఉడకబెట్టిన గుడ్డు పెట్టిందట.

ఆలిస్ నోరు తెరిచేలోగా ఇంకో ఫోను. నేరేడ్‌మెట్ చౌరస్తా నుంచి సండేస్కూల్ టీచరమ్మ. కన్నవాళ్లను వదిలి పోయి సుఖపడినవాళ్లు లేరని పిల్లకు నచ్చజెప్పిందట, వినలేదట, గుడ్డు మాత్రం పుచ్చుకుందట. మూడో ఫోను జకర్యాది. స్కూటరు లైటు వేసుకుని పిల్ల వెనకాలే నెమ్మదిగా వస్తున్నాననీ, కుక్కలు రాకుండా హారన్ కొడుతున్నాననీ ధైర్యం చెప్పాడు. ఫోన్లో హారన్ వినపడింది. అప్పటిదాకా పడుకున్న కుక్కలు ఆ మోతకు లేవడం కూడా వినపడింది.

ఆలిస్ బియ్యం డబ్బా పక్కనే కూలబడింది. హాస్టలు గది, దాని తలుపు, తలుపుకు తాళం, అన్నీ కళ్ల ముందు కనపడ్డాయి. తను పంపలేదంటే కృప నమ్ముతుందా? మేబెల్‌కి ఫోన్ చేసి, అందరినీ ఇళ్లకు పంపెయ్యమని చెప్పబోయింది. నువ్వు ఫోను చేయకూడదన్నావు కదక్కా, పెట్టేయ్, అని మేబెల్ భయంభయంగా పెట్టేసింది. మళ్లీ చేసినా పెట్టేసింది. జకర్యా స్కూటరు మీద ఉన్నాడు గనుక ఎత్తలేదు.

మెట్లు దిగి కిందికి పరిగెత్తింది. ఇంటి ఓనరు శ్యామలమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. సంగతంతా విని, ముగ్గు గిన్నె గోడ మీద పెట్టింది.

"గింతేనా? చెప్పులు తొడుక్కో ఆలిసమ్మా. పోయి ఆళ్లను ఇండ్లకు తోలుదాం."

"నేను వెనకాల వెళ్లకూడదండీ. మాటిచ్చాను."

"ఎనకాల ఎవరు పోతుండ్రు? పిల్ల వాపసు వచ్చేటాళ్లకు మనం ఎదురుంగ పోతం. ఎదురుంగ పోవద్దని చెప్పిందా?"

ఈ మాటలో న్యాయముందని ఆలిస్‌కి తోచింది. పైన వరండాలో లూకా పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని, నేనేమీ చూడలేదన్నాడు.

వీళ్లు నడిచి వెళ్లేసరికి సఫిల్‌గూడ గేటు పక్కన చిన్న పిక్నిక్ నడుస్తోంది. దుప్పటి పరిచి ఉంది. ఫ్లాస్కులు, బ్రెడ్డు, గొడుగులు, పాటల పుస్తకాలు. ఇక దాచి లాభం లేక ఆలిస్ మారథాన్ సంగతి చెప్పేసింది.

"అంటే, ఊరికే పరిగెత్తుతోందా? ఎవరూ తరమకుండానే?" అంది మేబెల్. మిలిటరీ కుర్రాడు లేడన్నందుకు ఒకావిడ బాగా నిరాశపడింది.

దయచేసి వెళ్లిపొమ్మని ఆలిస్ బతిమాలింది. వెళ్లడానికే ప్రార్థన చేశాం, తిరిగి రావడానికి ఇంకా చేయలేదు, సగంలో ఎలా వదిలేస్తామంటుంది మేబెల్. ఇలా వాదించుకుంటుండగా పొద్దు బాగా పైకొచ్చింది. అంతలో రోడ్డు చివర హారన్ వినపడింది.

ఆలిస్ చుట్టూ చూసింది. పక్కనే మూసి ఉన్న చెరకు రసం బండి కనపడితే దాని వెనక్కి దూరి, పైన కప్పిన నీలం ప్లాస్టిక్ పట్టా మీదికి లాక్కుంది. శ్యామలమ్మ బండికి అడ్డంగా నిలబడి, ఆకాశంలో మబ్బుల్ని పరీక్షగా చూడసాగింది.

పట్టా చిరుగులోంచి ఆలిస్ చూసింది. కృప వస్తోంది. సైనిక్‌పురి కాలనీలన్నీ చుట్టివచ్చిన మొహం కందిపోయి ఉంది. కాళ్లు లేవడం లేదు, ఈడ్చుకొస్తోంది. నిక్కరు జేబులు గుడ్లతో ఉబ్బి ఉన్నాయి. వెనకాల జకర్యా స్కూటరు. దాని వెనకాల నాలుగు కుక్కలు. అవి కూడా అలిసిపోయి, మొరగడం మానేసి నడిచి వస్తున్నాయి.

గేటు దగ్గరకొచ్చి కృప ఆగిపోయింది. రోడ్డు అంచున ఉన్న రాయి పట్టుకుని నిలబడింది. ఇక్కణ్ణుంచి ఇల్లు పెద్ద దూరం కాదు.

"నాతోని కాదు," అంది, ఎవరితోనో కాదు, రాయితో.

జకర్యా వెంటనే బండి ఆపి, తువ్వాలుతో వెనక సీటు తుడిచి, ఎక్కు తల్లీ అన్నాడు. నీకోసం దేవుడే బండి పంపాడమ్మా అని మేబెల్ చెయ్యందించింది. కృప సీటు వైపు చూసింది. చెయ్యి సీటు మీద వేసింది.

పట్టా కింద ఆలిస్ చిరుగును ఇంకాస్త పెద్దది చేసుకుని చూసింది. ఎండాకాలం నుంచి మోకాళ్ల మీద పడి అడిగింది సరిగ్గా ఇదే. ఎవరో ఒకరు ఈ పిల్లను బండెక్కించి క్షేమంగా ఇంటికి తేవాలని. ఇదిగో, బండి వచ్చింది, తుడిచిన సీటుతో సహా వచ్చింది. ఎక్కితే కుక్కలు లేవు, వడదెబ్బ లేదు, గుండెపోటు లేదు. రేసు కూడా లేదు. గుడ్లూ హారనూ తోవకు అడ్డొచ్చి పరుగు పాడుచేశాయి, అవన్నీ ఎవరి ఏడుపులోంచి వచ్చాయో కృపకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఆలిస్ లేచింది. పట్టా నెత్తిమీదే ఉంది.

"అన్నా, బండి తియ్యండి. దాన్ని ఎక్కించకండి," అంది.

అందరూ అటు తిరిగారు. నీలం పట్టా మాట్లాడటం చూసి ఒక కుక్కకు మాత్రం మళ్లీ ఉత్సాహం వచ్చింది. శ్యామలమ్మ మబ్బుల్ని చూడటం ఆపింది.

"ఎక్కకే కృపా. కొంచెమే ఉంది. నేను రానులే, ఇక్కడే ఉంటా. వెళ్లు."

కృప తల్లి వైపు చూడలేదు. సీటు మీంచి చెయ్యి తీసింది. జేబుల్లోంచి గుడ్లన్నీ తీసి మేబెల్ చేతుల్లో పోసింది. ముందుకు వంగి, ఒక కాలు వేసింది. ఇంకో కాలు వేసింది. అది పరుగని చెప్పలేం గాని, నడక మాత్రం కాదు.

ఇక్కడే ఉంటానన్న ఆలిస్ ఆ మలుపు దాకా ఉంది. తర్వాత చెప్పులు చేతిలో పట్టుకుని తనూ కదిలింది. ఇప్పుడు పక్కా ఎనకాలనే పోతున్నవ్ ఆలిసమ్మా అని శ్యామలమ్మ గుర్తుచేసినా వినిపించుకోలేదు. వాళ్ల వెనక మేబెల్ గుడ్లతో, గొడుగుతో. హారన్ మీదికి చెయ్యి పోకుండా జకర్యా స్కూటరు ఆపి తోసుకుంటూ. కుక్కలు ఆ ఇద్దరికీ మధ్య. మల్కాజ్‌గిరి బజారులో కూరగాయలవాళ్లు ఏదో ఊరేగింపనుకుని దారిచ్చారు.

కృప ఇంటి గేటును చేత్తో తట్టి, చేతి గడియారం చూసుకుని, మెట్లెక్కి, వరండాలో నేలమీద వెల్లకిలా పడిపోయింది.

సంఘం వాళ్లు గేటు దగ్గరే ఒక ప్రార్థన చేసుకుని గుడికి టైమైందని వెళ్లిపోయారు. ఆలిస్ నిమ్మకాయ నీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. కృప తాగింది. కాళ్లు గోడకు ఆనించింది, మాట్లాడలేదు. లూకా పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాడు.

"వాళ్లను నేను పంపలేదే. ప్రార్థన చేయమన్నాను, అంతే," అంది ఆలిస్.

కృప కళ్లు మూసుకుంది.

"నిక్కరు సంగతి కూడా చెప్పలేదు."

లూకా పేపరు పేజీ తిప్పాడు.

"హాస్టల్‌కి వెళ్తావా?"

ఫ్యాను తిరుగుతోంది. కింద శ్యామలమ్మ ఆగిపోయిన ముగ్గు పూర్తి చేస్తూ, పొద్దున్నే తనెంత నడిచిందో పక్కింటివాళ్లకు చెబుతోంది. కృప కళ్లు మూసుకునే ఉంది. చాలాసేపు అలాగే ఉంది. ఆలిస్ మనసులో కూడిక మొదలైంది, పాటలు అయ్యాయి, టీలు కాస్తున్నారు. ఇక ఉండబట్టలేక వంగి, కూతురి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

కృప కళ్లు తెరవకుండానే ఆ వేలు పట్టుకుంది.

"రేసు రోజు మేబెల్ ఆంటీని గుడ్లు వద్దను. అరటిపండ్లు తెమ్మను," అంది. "నువ్వు సుత రా. ఆ పట్టా మాత్రం కప్పుకోకు మమ్మీ. నాకు కనపడేటట్టు నిలబడు."