బాణీ దొరికిన చోటు

ఇరవై ఒకటో అంగీ కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించాను. చర్చి పాటల బృందంలో ఇరవై రెండు మందిమి. అందరి తెల్ల అంగీలూ శనివారం మా ఇంటికే వస్తాయి, ఆదివారం పొద్దున మడతలతో వెళతాయి. పాటల మాస్టరు భార్యను కనుక ఆ పని నాదని ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆయన అద్దం ముందు ఉపన్యాసం చదువుకుంటున్నారు. ఈరోజు చర్చి వార్షికోత్సవంలో క్రైస్తవ సంగీతం ఎలా పుట్టిందో చెప్పాలి. ఆయన రాత ఆయనకే అర్థం కాదు. పల్లెబడిలో దిద్దిన నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని సాపుప్రతి ఎప్పుడూ నా చేతే రాయిస్తారు. నిన్న పదకొండు పేజీలు రాశాను.

రాస్తుంటే చాలా తెలిసింది. మొదటి విశ్వాసులు వాయిద్యాలు లేకుండా ఒకే గొంతుగా కీర్తనలు పాడేవారట. ఆ తీరు యూదుల ప్రార్థనల నుంచి వచ్చిందట. వేణువులూ తాళాలూ విందులకీ నాటకాలకీ చెందినవని పెద్దలు దూరం పెట్టారట. వందల ఏళ్ళ తర్వాత వీధి పాటల బాణీలకే దేవుడి మాటలు కట్టుకున్నారట. ఆయన చూసి రాసుకున్న పుస్తకంలో ఇంకో వాక్యం ఉంది. ఒకప్పుడు ఆడవాళ్ళు చర్చిలో పెదాలు కదపాలే తప్ప గొంతు వినపడకూడదన్నారని. దాన్ని ఆయన వదిలేశారు. టైం చాలదన్నారు.

నాకది కొత్త సంగతేమీ కాదు. పెళ్ళయిన రెండో ఏడు ఆయన నన్ను బృందంలో వెనక వరసలో నిలబెట్టి, "నీది పొలం గొంతు, అందరిలో కలవదు. పెదాలు కదుపు చాలు, వరస నిండుగా కనపడుతుంది," అన్నారు. ఆరేళ్ళుగా కదుపుతున్నాను.

ఎనిమిదో పేజీలో లోకసంగీతానికీ మన సంగీతానికీ తేడా ఉంది. లోకపాట ఒంటిని ఊపుతుంది, భక్తిపాట మనసును నిలుపుతుంది అని రాసి, ఉదాహరణగా తాను కట్టిన పాటే పెట్టుకున్నారు. "ఈ బాణీ ప్రార్థనలో ఉండగా నాకు దొరికింది."

దొరికింది ప్రార్థనలో కాదు, పెరట్లో. మా అమ్మ ఆసుపత్రి దుప్పట్లు ఉతికేది. బండ మీద దుప్పటి పడే దెబ్బే తాళం. "ఎండా ఎండా తొందరగా రా, దుప్పటి తడి, నా ఒళ్ళు తడి" అని పాడేది. కొత్తకాపురంలో నేను బట్టలుతుకుతూ అదే పాడితే ఆయన తలుపు దగ్గర నిలబడి విన్నారు, రెండుసార్లు మళ్ళీ పాడించుకున్నారు. ఆ నెలలోనే దానికి వేరే మాటలొచ్చాయి. ఆ తర్వాత, "ఇంట్లో లోకపాటలు వద్దు," అన్నారు.

అమ్మ పోయి ఏడాది. ఆమెదంటూ మిగిలింది ఆ బాణీ ఒక్కటే. నిన్న ఎనిమిదో పేజీలో ఆయన వాక్యం తీసేసి ఇలా రాశాను: "ఈ బాణీ నా భార్య తల్లిది. దుప్పట్లు ఉతుకుతూ పాడుకునేది."

అద్దం ముందు చదువు ఎనిమిదో పేజీ దగ్గర ఆగిపోయింది.

"ఇదేంటి?"

"జరిగింది రాశాను."

"మతి ఉందా? నలుగురిలో పరువు తీస్తావా? ఉతుకుడు పాటకి బాప్తిస్మం ఇచ్చాను, సంతోషించక!"

కుర్చీలో ఉన్న అత్తయ్య పకపకా నవ్వింది. "మావాడు మాటలు పెట్టకపోతే ఆ కూత ఎవరు వింటారే తల్లీ?"

"అయితే తేడా మాటల్లోనే ఉందన్నమాట," అన్నాను.

ఆయన ఎనిమిదో పేజీ తెచ్చి నా ముందు పెట్టారు. "కొట్టేసి మళ్ళీ రాయి. ఇంకా అరగంట ఉంది," అని పెన్ను అందించారు.

పెన్ను అందుకుని, మూత బిగించి, ఎనిమిదో పేజీ మీద పెట్టాను. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకాను. ఇరవై రెండో అంగీ, నాది, బుట్టలో ముడతలతో అలాగే ఉంది. చెప్పులేసుకున్నాను.

"ఎక్కడికి?" అన్నారు.

గడప దాటుతూ గొంతెత్తాను. ఆయన మాటలు లేవు, అమ్మ మాటలూ లేవు. ఉత్త బాణీ. అది లోకపాటో భక్తిపాటో వెనక వాళ్ళిద్దరూ తేల్చుకోవచ్చు. ఒక్క మాటా లేని ఆ బాణీతోనే వీధిలోకి నడిచాను.