జోకొట్టిన గీతలు

ఆ వార్డులో తల్లులకు పేర్లుండవు, బాక్సు నంబర్లే. ఆమె మూడో బాక్సు తల్లి. భర్తది ఓడలో ఉద్యోగం, ఒడ్డు చేరడానికింకా మూడు వారాలు. అయినవాళ్లంటూ ఇంకెవరూ లేరు.

పుట్టగానే ఏడవలేదని పిల్లను వెచ్చగా ఉంచే అద్దాల బాక్సులో పెట్టారు. నెత్తికి సన్నటి వైర్లు అతికించి, బుర్ర పనితీరును తెర మీద గీతలుగా చూస్తున్నారు. ఫిట్స్ వస్తే ఆ గీతల్లోనే తెలుస్తుందట. ముట్టుకోవచ్చు గానీ కదపొద్దన్నారు. పదకొండింటికో పావుగంట, నాలుగింటికో పావుగంట లోపలికి రానిస్తారు. మిగతా రోజంతా ఆమె వరండాలో గోడగడియారంతో కాపురం చేస్తోంది. అదేమో పంతం పట్టినట్టు మెల్లగా నడుస్తుంది.

మూడోనాటి సాయంత్రం డాక్టరమ్మ వరండాలోకొచ్చింది.

"ఫిట్స్ లాంటివి కనిపిస్తున్నాయమ్మా. నిన్న రెండుసార్లు, ఇవాళ రెండుసార్లు. పదకొండు దాటాక, నాలుగు దాటాక. మందు మొదలుపెడదాం. మత్తుకి ఊపిరి మందగిస్తే ఊపిరందించే మెషిన్ మీద పెట్టాల్సి రావచ్చు."

ఆ వేళలు ఆమెవే. చెయ్యి లోపలికి పెట్టి పిల్ల తుంటి మీద మెల్లగా జోకొట్టింది, అంతే. తల్లిగా ఇంకేం చెయ్యాలో ఆమెకు తెలియదు. అది కూడా కదపడమేనని తోచలేదు. ఇప్పుడు చెబితే ఆ పావుగంటా పోతుందేమో. చెప్పకపోతే పిల్లకు మందు పడుతుంది.

"నేను జోకొట్టానండీ," అంది తల వంచుకుని.

డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్లింది. గీతల మెషిన్ చూసే అమ్మాయి తెర ముందు కూర్చుంది.

"కొట్టండక్కా." గీత ఎగిరెగిరి పడింది. "ఆపండి." సర్దుకుంది. మళ్లీ కొట్టించింది, మళ్లీ ఆపించింది.

"ఇవి ఫిట్స్ కావు మేడమ్, అక్క చెయ్యి."

తన తప్పేనని తేలినందుకు అంత సంతోషపడిన మనిషి ఆ వార్డులో ఇంకొకరుండరు.

"మందు అక్కర్లేదు," అంది డాక్టరమ్మ. "వైర్లు తీసేదాకా, ఈ రెండు రోజులూ, చూసి వెళ్లండి. చెయ్యి పెట్టకండి."

మర్నాడు పదకొండింటికి ఆమె చేతులు వెనక్కి కట్టుకుని బాక్సు పక్కన నిలబడింది. పిల్ల పెదవి విరిచింది, కాలు కదిపింది, తనంతట తనే నిద్రలోకి జారుకుంది. తెర మీద గీత, ఆమె అక్కడ లేనట్టే, నిమ్మళంగా సాగిపోయింది. ఆమె కోరుకున్నదీ అదే. అయినా ఏడుపు ఆగలేదు.