సీటు నంబరు పాస్‌వర్డ్

కండక్టరమ్మ ఉద్యోగం నుంచి రిటైరైంది గానీ ఆవిడ గొంతు మాత్రం రిటైరు కాలేదు. బస్సులో చివరి సీటుదాకా వినపడేలా అరిచి అరిచి అలవాటైన గొంతు. ఇంట్లో మంచినీళ్ళు అడిగినా పక్కింటివాళ్ళు గ్లాసు పట్టుకుని బయటికొచ్చేవారు. అంతటి మనిషి ఆ రోజు పొద్దున్న కోడలి గది ముందు నిలబడి, తలుపు తట్టాలా వద్దా అని తటపటాయిస్తోంది. భర్త చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

విషయమేమిటంటే, కోడలు కంప్యూటర్ చదువు చదివింది. పెళ్ళయి ఊరు మారాక పాత ఉద్యోగం పోయింది, కొత్తది దొరకలేదు. చివరికి వీధి మలుపులో ఉన్న లైబ్రరీలో, జన్మలో కంప్యూటర్ ముట్టుకోని పెద్దవాళ్ళకు నెల రోజులు పాఠాలు చెప్పే పని దొరికింది. మొదటి రోజు గది నిండింది. రెండో రోజు సగం కుర్చీలు ఖాళీ. ఆ రాత్రి నుంచీ కోడలు నోట మాట లేదు. ఆ పిల్ల మొహం అలా వాడిపోతే కండక్టరమ్మకు అన్నం సహించదు. తన చేతిలో ఇన్నేళ్ళు ఉద్యోగం ఉంది కాబట్టి, అది లేకపోతే ఎలా ఉంటుందో ఆవిడ ఊహించగలదు.

చివరికి తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

“మొదటి రోజు వాళ్ళకేం చెప్పావమ్మాయ్?”

“ఇంటర్నెట్ అంటే ఏమిటో చెప్పాను అత్తయ్యా.”

“ఏదీ, నాకు చెప్పు.”

కోడలు నిటారుగా కూర్చుంది. “అంతర్జాలం అనగా ప్రపంచవ్యాప్తంగా పరస్పర అనుసంధానం కలిగిన గణకయంత్ర సముదాయం.”

కండక్టరమ్మ మంచం అంచున కూలబడింది. “ఇది విన్నాక కూడా రెండో రోజు వచ్చారే, వాళ్ళు మామూలు మనుషులు కాదు” అంది.

కోడలికి నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపూ వచ్చింది. లైబ్రేరియన్ ఏమన్నాడో అప్పుడు చెప్పింది. నెలాఖరున క్లాసులో ఉన్న ప్రతి ఒక్కరూ ఎవరి సాయం లేకుండా ఆయనకొక మెయిల్ పంపాలి. అందరూ పంపితే క్లాసు ఖాయం, ఉద్యోగం ఖాయం. ఒక్కరు తప్పినా ఆ గది మళ్ళీ పాత పేపర్ల గోదామే. ఆయన గొంతు పెంచే మనిషి కాదు, అన్న మాట మార్చే మనిషీ కాదు.

“అయితే రేపట్నుంచి నేనూ వస్తాను” అంది కండక్టరమ్మ. “అక్కడ నేను అత్తనీ కాదు, నువ్వు కోడలివీ కాదు. టీచరమ్మా అనే పిలుస్తాను. సరేనా?”

సరే అనక కోడలు చేసేదేముంది.

ఖాళీ కుర్చీలతో బండి కదపడం కండక్టరమ్మ రక్తంలో లేదు. మర్నాడు పొద్దున్నే వీధిలో పడింది. బేకరీ ఆవిడ పిండి చేతులతో ఉండగానే పేరు రాయించుకుంది. లెక్కల మాస్టారు బడి మానేసి పదేళ్ళయి, పేపర్లో వచ్చే గళ్ళ లెక్కలతో కాలక్షేపం చేస్తున్నాడు. ఆయన్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. చెప్పుల షాపు పక్కన చిన్న బంకులో తాళంచెవులు చేసే ఆయన మాత్రం మొండికేశాడు. “నాకెందుకక్కయ్యా ఈ వయసులో” అన్నాడు. ఆవిడ రెండు రోజులు ఆయన చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మూడో రోజు ఆయనే బంకు మూసి వచ్చేశాడు. అలా గది నిండింది. కుర్చీలు రెండు వరసలుగా వేసి, మధ్యలో దారి వదిలి, ప్రతి కుర్చీకీ సుద్దముక్కతో నంబరు రాసింది కండక్టరమ్మ. ఎవరు చెప్పారని అడక్కండి, ఆవిడకొకరు చెప్పాలా?

క్లాసులో ఆవిడ చేసిన అసలు పని ప్రశ్నలు అడగడం. తెలియదని ఒప్పుకోవడానికి పెద్దవాళ్ళకు నామోషీ. ఆవిడకు ఆ నామోషీ బొత్తిగా లేదు.

“టీచరమ్మా, నేను పేరు కొట్టగానే ఆ బొమ్మ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఈ డబ్బాలో ఉందా?”

కోడలు పుస్తకం తెరవబోయి, ఏమనుకుందో మూసేసింది. “లేదండీ. ఎక్కడో ఒకచోట ఎప్పుడూ ఆర్పకుండా నడిచే పెద్ద కంప్యూటర్ ఉంటుంది. దాన్ని సర్వర్ అంటాం. ఆ బొమ్మ దాంట్లో ఉంది. మీ ముందున్న బ్రౌజర్ మీ తరఫున వెళ్ళి, ఫలానా బొమ్మ కావాలి అని అడిగి తెస్తుంది.”

“అంత పెద్ద బొమ్మ ఈ సన్న తీగలో ఎలా పట్టింది?” అన్నాడు లెక్కల మాస్టారు. ఒకరు అడిగాక ఆయనకూ ధైర్యం వచ్చింది.

“ముక్కలు చేసి పంపుతారు మాస్టారూ. బడి పిల్లలందరూ ఒక బస్సులో పట్టకపోతే నాలుగు బస్సుల్లో ఎక్కించమూ? తలా ఒక దారిన వస్తారు. ఇక్కడ దిగాక మళ్ళీ వరసలో నిలబెట్టుకుంటాం. ఒక పిల్లాడు తగ్గితే, వాణ్ణి మళ్ళీ పంపండి అని కబురు పెడుతుంది మన కంప్యూటర్.”

ఇంట్లో భోజనాల దగ్గర అత్తగారి బస్సు కబుర్లు విని విని కోడలికి ఆ మాటలు నోటి చివరే ఉన్నాయి. ఇన్నాళ్ళూ అవి పాఠానికి పనికొస్తాయని తోచలేదంతే. ఆ రోజు నుంచి గణకయంత్రం గడప దాటి పోయింది. అవతలి నుంచి మన దగ్గరికి తెచ్చుకుంటే డౌన్‌లోడ్, మన దగ్గర్నుంచి అటు పంపితే అప్‌లోడ్ అని చెబితే, బేకరీ ఆవిడకు వెంటనే అనుమానం వచ్చింది.

“నా కేకు ఫొటో పంపేస్తే ఇంక నా దగ్గర ఉండదా?”

“ఉంటుందండీ. కేకు ఇస్తే పోతుంది గానీ ఫొటో పోదు. వెళ్ళేది దాని నకలు.”

“కేకులు కూడా అలా ఉంటే బావుణ్ణు” అంది ఆవిడ, మనస్ఫూర్తిగా.

ఇంత సాఫీగా సాగుతున్న బండికి పాస్‌వర్డ్ పాఠం రోజున గుంత తగిలింది. ఆ సంగతి మాత్రం అప్పుడెవరికీ తెలియలేదు.

అందరికీ మెయిల్ ఖాతాలు తెరిపిస్తూ కోడలు గట్టిగా చెప్పింది. “పాస్‌వర్డ్ మీ ఒక్కరిది. మొగుడికి చెప్పొద్దు, పెళ్ళానికి చెప్పొద్దు, నాకసలు చెప్పొద్దు.” అంతలో లైబ్రేరియన్ పిలిస్తే బయటికి వెళ్ళింది.

అందరూ గుడ్లప్పగించి కూర్చున్నారు. బేకరీ ఆవిడ మనవరాలి పేరు పెడితే కంప్యూటర్ ఒప్పుకోలేదు, అంకె కావాలంది. అంకె వేస్తే గుర్తు కావాలంది. మాస్టారు చాలా కష్టమైన లెక్క ఒకటి పెట్టి, వెంటనే మర్చిపోయాడు. గదంతా గోల. గోలగా ఉన్న బండిని సర్దడం కండక్టరమ్మకు వెన్నతో పెట్టిన విద్య. లేచి, కుర్చీల మధ్య దారిలో నడుచుకుంటూ, టికెట్లు కొట్టినట్టు అందరికీ పాస్‌వర్డ్‌లు కొట్టేసింది. ముందు తన డిపో పేరు, మధ్యలో ఒక చుక్క గుర్తు, చివర ఎవరి సీటు నంబరు వాళ్ళకి. మర్చిపోతే కుర్చీ వంక చూసుకుంటే చాలు. కంప్యూటర్ కిక్కురుమనకుండా ఒప్పుకుంది. అందరూ ఆవిడకు దండం పెట్టారు.

కోడలు తిరిగొచ్చి, “అందరూ పెట్టుకున్నారా?” అని అడిగింది. పెట్టుకున్నామన్నారు. ఏం పెట్టుకున్నారో చెప్పొద్దంది కాబట్టి ఎవరూ చెప్పలేదు. అంత క్రమశిక్షణ గల విద్యార్థులు వాళ్ళు.

చివరి రోజు వచ్చింది. లైబ్రేరియన్ తన కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే లాగిన్ అవుతున్నారు, చూపుడు వేలితో అక్షరాలు వెతుక్కుని పంపుతున్నారు. మాస్టారి మెయిల్ వచ్చింది. బేకరీ ఆవిడ మెయిల్ కేకు ఫొటోతో సహా వచ్చింది. కోడలు గోడకానుకుని నిలబడి వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. తాళాలాయన కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు.

“ఇంకొక్కరు” అన్నాడు లైబ్రేరియన్ గడియారం చూసుకుంటూ.

కండక్టరమ్మ కోడలి వంక చూసింది. ఆ పిల్ల పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఈవిడ మనసు ఊరుకోలేదు. నీళ్ళు తాగే వంకతో లేచి, ఎవరూ చూడకుండా తాళాలాయన కంప్యూటర్ ముందు చతికిలబడింది. ఆయన మెయిల్ పేరు తెర మీద ఉండనే ఉంది. డిపో పేరు, చుక్క, సీటు నంబరు. తలుపు తెరుచుకుంది. “అయ్యా, నాకు అంతా వచ్చేసింది. ఇట్లు తాళాలవాడు” అని కొట్టి, పంపేసి, ఖాతా మూసి, ఏమీ ఎరగనట్టు వచ్చి తన కుర్చీలో కూర్చుంది.

“వచ్చింది. అందరివీ వచ్చాయి” అన్నాడు లైబ్రేరియన్.

తాళాలాయన ఫోన్లోంచే పంపాడనుకుని కోడలు కళ్ళు మూసుకుంది. కండక్టరమ్మకు ఏనుగెక్కినంత సంబరమేసింది. ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. తాళాలాయన రొప్పుకుంటూ గదిలోకి వచ్చాడు. ఎవరో పసిపిల్ల బాత్రూంలో గడియ పెట్టుకుంటే తలుపు తీయడానికి పరుగెత్తాడట.

“ఆలస్యమైంది టీచరమ్మా, ఇప్పుడు పంపేస్తాను” అంటూ కూర్చున్నాడు. చకచకా లాగిన్ అయ్యాడు. పంపేముందు, నేర్పినట్టే, పంపిన మెయిళ్ళ పెట్టె తెరిచి చూసుకున్నాడు. చూసి, వెనక్కి జరిగాడు.

“టీచరమ్మా, నా ఇంట్లో ఎవరో దూరారు.”

కోడలు పరుగున వచ్చి తెర వంక వంగింది.

“నేను పంపని మెయిల్ నా పెట్టెలో ఉంది. ఇదిగో, ఇప్పుడే పంపినట్టు టైము కూడా ఉంది.”

లైబ్రేరియన్ లేచి నిలబడ్డాడు. “అయితే ఈ కంప్యూటర్లలోకి బయటివాళ్ళెవరో చొరబడ్డారన్నమాట. అన్నీ ఆపేయండి. ఈ గది ఇవాళే మూసేద్దాం” అన్నాడు, ఎప్పటిలాగే నెమ్మదిగా.

కోడలి మొహంలో నెత్తుటి చుక్క లేదు. కండక్టరమ్మ నీళ్ళు నమిలింది. ఊరుకుంటే నింద ఎవరో తెలియని దొంగ మీదికి పోతుంది, గది మూతపడుతుంది. చెబితే నలుగురిలో పరువు పోతుంది. అది కోడలి పరువు కూడా. జన్మలో మొదటిసారి, టికెట్ లేకుండా దొరికిన మనిషిలా తలవంచుకుని లేచింది.

“బయటివాళ్ళెవరూ రాలేదండీ. నేనే పంపాను.” సీటు నంబర్ల కథంతా చెప్పేసింది. “అమ్మాయికి ఏమీ తెలియదు. తప్పంతా నాది.”

తాళాలాయన తన రెండు చేతులూ ఆవిడ ముందు చాపాడు. “ఈ చేతులతో సగం ఊరి తాళాలు తీశానక్కయ్యా. యజమాని పక్కన లేకుండా ఒక్క తలుపూ తీయలేదు. నువ్వు నా తలుపు తీశావా?”

“తీశాను తమ్ముడూ. నీ మంచికే అనుకున్నాను.”

“అందరూ అదే చెబుతారు” అన్నాడాయన.

కండక్టరమ్మకు ఆ మాట ఎక్కడో లోపల గుచ్చుకుంది. సిగ్గేసింది. ఇంతలో లెక్కల మాస్టారికి లెక్క తట్టింది. “ఒక్క నిమిషం. అయితే ఆయనది నాకు తెలుసు, నాది ఈవిడకు తెలుసు, అందరివీ అందరికీ తెలుసు” అన్నాడు.

అంతే. ఎవరూ ఎవరినీ అడగలేదు. బేకరీ ఆవిడ సెట్టింగులు తెరిచి, పాత పాస్‌వర్డ్ కొట్టి, కొత్తది పెట్టుకుంటోంది, ఎడమ చేత్తో కీబోర్డు కప్పుకుని మరీ. మాస్టారు వేరే ఎవరైనా తన ఖాతాలో ఉన్నారేమో వెతికి, అన్ని చోట్లా లాగౌట్ చేసేశాడు. తాళాలాయన ఫోన్‌కి కోడ్ వచ్చేలా రెండో గడియ పెట్టుకుని, ఆ కోడ్ పక్కవాళ్ళకు కనపడకుండా ఫోన్ గుండెలకు ఆనించుకున్నాడు. తర్వాత తన మెయిల్ తను పంపుకున్నాడు. గదిలో కీబోర్డు చప్పుళ్ళు తప్ప ఇంకేమీ వినపడలేదు.

లైబ్రేరియన్ కుర్చీల మధ్య ఆ చివరి నుంచి ఈ చివరిదాకా నడిచాడు. ఎవరైనా సాయం అడుగుతారేమోనని చూశాడు. ఎవరూ తల కూడా ఎత్తలేదు.

“వీళ్ళకు ఇవన్నీ ఎప్పుడు నేర్పారు?” అని కోడల్ని అడిగాడు.

“ఒక్కసారే చెప్పానండీ. చేయించలేదు.”

“సరే. వచ్చే నెల ఎన్నింటికి మొదలుపెడతారు?” అన్నాడాయన, ఇంకేమీ అనకుండా తన గదికి వెళ్ళిపోయాడు.

కోడలికి అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్ళు తుడుచుకుని, మూల కుర్చీలో ముడుచుకుని కూర్చున్న అత్తగారి దగ్గరికి వచ్చింది.

“మీదీ మార్చండి అత్తయ్యా.”

“నాదెవరికి కావాలే?”

“అందరికీ తెలుసు కదా, మార్చాలి.”

“ఏం పెట్టమంటావు?”

“నాకు చెప్పకూడదు.”

“నీక్కూడానా?”

“నాక్కూడా. మామయ్యగారికి కూడా.”

కండక్టరమ్మ జీతం ఎంతో, కవరు విప్పకముందే ఇంటిల్లిపాదికీ తెలిసేది. బీరువా తాళం చెవి హాల్లో మేకుకి వేలాడేది. ఒంట్లో నలతగా ఉందని డాక్టర్ దగ్గరికి వెళ్ళొస్తే, ఆయన ఏమన్నాడో సాయంత్రానికి డిపో అంతా తెలిసేది. ఆవిడ ఎప్పుడూ బాధపడలేదు. అలా ఉండకపోవడమనేది ఒకటుంటుందని తెలియదు కాబట్టి బాధపడలేదు.

కోడలు వెనక్కి తిరిగి, గదికీ అత్తగారికీ మధ్య అడ్డంగా నిలబడింది. కండక్టరమ్మ చాలాసేపు ఆలోచించింది. ఒక్కో అక్షరమే వెతుక్కుని కొట్టింది. ఇంకోసారి కొట్టమంటే ఇంకోసారి కొట్టింది. కంప్యూటర్ ఒప్పుకుంది.

“అయిపోయిందా అత్తయ్యా?” అని అడిగింది కోడలు, తిరగకుండానే.

“అయిపోయింది.” ఆవిడ తెర మీది చుక్కల వంకే చూస్తోంది. “అమ్మాయ్, ఇన్నేళ్ళ బతుకులో నాకొక్కదానికే తెలిసింది ఇదొక్కటే.”

కోడలు పక్క కుర్చీ లాక్కుని కూర్చుంది. ఏం పెట్టారని అడగలేదు.